ఫుల్వియా హెచ్ఎఫ్: తలుపుకు తుప్పు పట్టదు, చిక్కంతా అక్కడే

1960ల నాటి ఇటాలియన్ రెండు తలుపుల కారు లాంచియా ఫుల్వియా కూపే గురించి రాసేవారు సాధారణంగా వి4 ఇంజనుతోనో మాంటే కార్లో ర్యాలీతోనో మొదలుపెడతారు. నేను తలుపుతో మొదలుపెడతాను. ఇన్నేళ్లు ఈ కారు నడిపాక కూడా నాకు ఎక్కువ ఆనందం ఇచ్చిందీ, ఎక్కువ కోపం తెప్పించిందీ ఆ తలుపే కాబట్టి.

పందేల కోసం తేలిక చేసిన హెచ్ఎఫ్ రకంలో తలుపులు, బానెట్, డిక్కీ మూత ఉక్కువి కావు. పెరలుమాన్ అనే అల్యూమినియం మిశ్రలోహంతో చేసినవి. పక్క కిటికీలకూ వెనుక కిటికీకీ అద్దం బదులు ప్లెక్సిగ్లాస్ అనే పారదర్శక ప్లాస్టిక్. బంపర్లు అసలే లేవు. మామూలు కారు తలుపుకు అలవాటుపడ్డ చేయి మొదటిసారి దీన్ని లాగితే, బలం ఎక్కువై తలుపు చివరిదాకా తెరుచుకుపోతుంది. ఆ తరువాత వేలితో తీయడం అలవాటవుతుంది. వేసినప్పుడు వచ్చేది గంభీరమైన శబ్దం కాదు, రేకు డబ్బా మూత పెట్టినంత చప్పుడు. ఇంటికి వచ్చిన ప్రతివారి చేతా ఆ తలుపు తీయించి చూపించేవాణ్ణి. ఈ కారు గొప్పతనమంతా ఇందులోనే ఉందని చెప్పేవాణ్ణి. ఆ మాట ఇప్పుడూ చెబుతాను, కాస్త గొంతు తగ్గించి.

నాది 1968 నాటి ర్యాలీ 1.3 హెచ్ఎఫ్. 1298 సీసీ, 101 హార్స్ పవర్, నాలుగు గేర్లు. మిగతా కొలతలు కావలసినవారికి ఎక్కడైనా దొరుకుతాయి. ఉద్యోగరీత్యా టురిన్‌లో స్థిరపడ్డాను. లాంచియా కంపెనీ పుట్టిల్లు ఇదే ఊరు కావడం నా అదృష్టం. బోర్గో సాన్ పావొలో పేటలో వీధికి అడ్డంగా కాళ్లు చాపి నిలబడ్డ లాంచియా భవనం కింద నుంచి ఇప్పటికీ అప్పుడప్పుడు నడిపించుకుంటూ పోతాను. పైనున్న ఆఫీసుల్లో ఇప్పుడు లాంచియా వారెవరూ లేరు, అది వేరే సంగతి.

ఈ తేలికదనం వెనుక ఉన్నది విలాసం కాదు, లేమి. 1960లలో లాంచియా దగ్గర కావలసినంత డబ్బు లేదు. అక్కడి ఇంజనీరు ఆంటోనియో ఫెస్సియా పట్టుబట్టి ముందు చక్రాలకు శక్తినిచ్చే కారు తయారుచేయించాడు. 1963లో నాలుగు తలుపుల ఫుల్వియా, 1965లో పియెరో కాస్తాన్యేరో గీసిన కూపే వచ్చాయి. ఇంజను చిన్నది. అటువైపు పందెంలో పోర్షేలు, ఫ్రెంచి ఆల్పీన్ కార్లు. అదే 1963లో హెచ్ఎఫ్ రేసు జట్టును నెలకొల్పిన చెజారె ఫియోరియో చేతిలో ఉన్న ఉపాయాలు తక్కువ. శక్తి పెంచే వీలు ఎక్కువ లేనప్పుడు బరువు తగ్గించుకోవాలి. అలా 1966లో మొదటి కూపే హెచ్ఎఫ్ వచ్చింది: 1216 సీసీ, 88 హార్స్ పవర్, బరువు 825 కిలోలు. అవి తయారుచేసింది 435. తరువాత నా కారు రకం 882, ఆపైన ముందు నాలుగు దీపాల్లో లోపలి రెండూ పెద్దవైన 1.6 హెచ్ఎఫ్ 1258. ఇంత తక్కువగా ఉండడం వల్లే మామూలు కూపేకు అల్యూమినియం తలుపులు తగిలించి, పసుపు నీలం చార పూసి హెచ్ఎఫ్ అని అమ్మేవారు పుట్టుకొచ్చారు. కొనేవారు రంగును కాదు, ఛాసిస్ సంఖ్యను చూడాలి.

ఇంతా చేసి ఈ జట్టు గుర్తు ఏనుగు! తేలికైన కారు మీద పరుగెత్తే ఏనుగుల బొమ్మ చూసి మా ఇంటికి వచ్చే తెలుగువారు తప్పకుండా నవ్వుతారు. శుభసూచకమని అప్పటి కంపెనీ అధిపతి జాన్నీ లాంచియా 1950లలోనే ఎంచుకున్న గుర్తు అది.

నడిపితే మొదట అర్థమయ్యేది, బరువు తగ్గించినది అంతటా కాదని. ఇంజను ముందు ఇరుసుకు ముందుగా, ఎడమ పక్కకు 45 డిగ్రీలు ఒరిగి కూర్చుంటుంది. దాని బ్లాకు పోత ఇనుము. నాలుగు సిలిండర్లు సుమారు 13 డిగ్రీల కోణంలో ఇరుక్కుని ఉండడం వల్ల రెండు వరుసలకూ కలిపి ఒకే హెడ్డు సరిపోయింది. ఒక క్యామ్‌షాఫ్ట్ ఇన్లెట్ వాల్వులను, రెండోది ఎగ్జాస్ట్ వాల్వులను చూసుకుంటుంది. చక్కని పని, కానీ ఆ బరువంతా ముక్కు మీదే. తలుపులూ డిక్కీ మూతా తేలిక చేయడంతో వెనుక భాగం ఇంకా తేలికైపోయింది. అందుకే నిలిపే చోట స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు కావాలి. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే తోక పక్కకు జారుతుంది. కొత్తవారికి ఇది భయం, అలవాటైనవారికి ఆయుధం. స్వీడన్ డ్రైవర్ హ్యారీ షెల్‌స్ట్రోమ్ 1969, 1970లలో వరుసగా బ్రిటన్ ఆర్ఏసీ ర్యాలీ గెలిచింది ఫుల్వియాతోనే. 1972 జనవరిలో మాంటే కార్లోలో సాండ్రో మునారి, మారియో మన్నుచ్చి 14వ నంబరు 1.6 హెచ్ఎఫ్‌తో జెరార్ లారూస్ పోర్షేను రెండో స్థానానికి నెట్టారు. మంచు మీద పోర్షే శక్తి కన్నా, శక్తి అందే ముందు చక్రాల మీదే బరువు ఉండడం అక్కరకొచ్చింది. ఆ ఏడాది తయారీదారుల ర్యాలీ చాంపియన్‌షిప్ కూడా లాంచియాదే. అప్పటికి కంపెనీ ఫియట్ చేతికి వెళ్లి మూడేళ్లు కావస్తోంది.

నా కారుతో నేను ర్యాలీలు ఆడను. ఆదివారం కొండదారులు, ఏడాదికోసారి పాత కార్ల ఊరేగింపు, అంతే. అందుకే సెస్త్రియెరె అనే కొండ ఊరి నుంచి దిగుతున్న రోజు జరిగింది నాకు ఇంకా మింగుడు పడదు.

కిసోనె లోయ దారి అది. ఫెనెస్ట్రెల్లె కోట దాటాక, పెద్ద వేగమేమీ లేదు, ఒక మలుపు ముందు బ్రేకు వేశాను. నా ఎడమ పాదం కింద నేలలో నుంచి టక్కుమని శబ్దం. కారు కొద్దిగా ఎడమకు లాగింది. వదిలేస్తే సరిగ్గానే పోతోంది, బ్రేకు వేస్తే మళ్లీ లాగుతోంది. స్టీరింగ్ చక్రం నిటారుగా ఉన్నా బండి నిటారుగా పోవడం లేదు. టైరు పోయిందనుకుని దిగి చూస్తే నాలుగూ బాగున్నాయి. బ్రేకు అనుకుందామంటే నాలుగు చక్రాలకూ డిస్కులే, ఏదీ వేడెక్కి వాసన రావడం లేదు. తలుపు తీయబోతే మాత్రం మొదటిసారి అది వేలికి లొంగలేదు. పై అంచు ముందు ఫెండర్‌కు ఒరుసుకుంటోంది. ఆ తలుపు పట్టేసిందంటే కారు ఆకారమే మారిందన్నమాట. అప్పుడు గుండె జారింది.

లారీ మీద ఎక్కించి, లాంచియాల మీదే జీవితం గడిపిన ఒక ముసలాయన షెడ్డుకు చేర్చాను. ఆయన బండిని పైకి లేపకముందే తలుపు సందులో వేలు పెట్టి పై నుంచి కిందికి జరిపి చూశాడు. మీరందరూ రేకు మెరుపు చూస్తారు, నేను సందు చూస్తాను, అన్నాడు. తరువాత లిఫ్టు మీద పెట్టి దీపం పట్టాడు. ఈ కారులో ఇంజను, గేర్‌బాక్సు, ముందు సస్పెన్షన్ అన్నీ సబ్‌ఫ్రేమ్ అనే ఒక ఉక్కు చట్రం మీద ఉంటాయి. దాన్ని బాడీకి బోల్టులతో బిగిస్తారు. ఎడమ వెనుక బోల్టు పట్టుకునే చోట ఉక్కు రేకు లోపలి నుంచి తినేసి ఉంది. దాని మీద ఎవరో ఎప్పుడో ఒక పలక అతికించి, పైన నల్లటి తారు మందంగా పూసేశారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. పైన పటారం, లోన లొటారం! కొనేముందు నేను పేరున్న ఒక షెడ్డులో డబ్బు కట్టి పరీక్ష చేయించాను. నేల గట్టిగా ఉందని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.

నా కోపమంతా అల్యూమినియం మీదికి మళ్లింది. ఉక్కు తలుపుల కారైతే తలుపు అడుగు అంచు మొదట పొక్కుతుంది. రంగు లేస్తుంది. యజమాని కంగారుపడి కిందికి కూడా చూస్తాడు. హెచ్ఎఫ్ తలుపు యాభై ఏళ్లయినా పెళ్లికూతురిలా నిగనిగలాడుతూనే ఉంటుంది, దాని కింద నేల కుళ్లిపోతున్నా. కారు పైకి చూపించే ఆరోగ్యమంతా బరువు మోయని భాగాలది. మోసే భాగాలన్నీ మామూలు ఉక్కు, అదీ ఆ కాలపు ఉక్కు.

ఆ మరమ్మతులో ఒక మంచి విషయం బయటపడింది, న్యాయంగా అది కూడా చెప్పాలి. బోల్టులు విప్పి, పైపులూ తీగలూ వేరుచేసి, బాడీని పైకెత్తితే ఇంజను, గేర్‌బాక్సు, ముందు చక్రాలు అన్నీ కలిసి బండిలాగే బయటికి దొర్లుతూ వచ్చేశాయి. 1960ల కారులో ఇంత సులువు ఉంటుందని ఊహించలేదు. కుళ్లిన భాగం కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడానికి చోటు బాగా దొరికింది. ముసలాయన పని నెమ్మది, కానీ పని పని. నెలల తరబడి కారు ముక్కలై పడి ఉంటే, చూడవచ్చిన ఇద్దరు అదే స్థితిలో కొంటామని మంచి ధరే చెప్పారు. ఏనుగు చచ్చినా వెయ్యే, బతికినా వెయ్యే అని మా ఆవిడ అంది. అమ్మేయమని ఆవిడ ఉద్దేశం. నేను దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాను.

ఇప్పుడు తలుపు మళ్లీ వేలితో తెరుచుకుంటుంది. కానీ మునుపటి పొగడ్తలు కొన్ని సవరించాలి. తుప్పు పట్టదన్న మాట పూర్తిగా నిజం కాదు. తలుపు ఉక్కు మడతబందులు తగిలే చోట తేమ చేరితే రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది. తలుపులు విప్పి ఆ చోట మధ్యలో పలచని పొర వేయించాను. సొట్ట పడితే టింకరింగ్ చేయగలిగినవారు అరుదు. ఈ లోహం కొట్టేకొద్దీ గట్టిపడి పగులుతుంది. సూపర్ మార్కెట్ ముందు తోపుడు బండి తగిలి పడ్డ సొట్టను నేను అలాగే వదిలేశాను. ప్లెక్సిగ్లాస్‌ను పొడి గుడ్డతో తుడిస్తే గీతలే. వాన పడితే లోపల మాట వినపడదు. వెనుక కూర్చోవడం పిల్లలకే కష్టం, వాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు కూడా.

కొనవచ్చా అని హైదరాబాద్ నుంచి, లండన్ నుంచి మిత్రులు అడుగుతుంటారు. నాకు ఇది గిట్టుబాటు కావడానికి కారణాలు నావి. ఊళ్లో విడిభాగాలు దొరుకుతాయి, షెడ్డు అద్దె తక్కువ, ముప్పై ఏళ్లు దాటిన కార్లకు ఇటలీలో వాహన పన్ను దాదాపు లేదు, రోజూ ఆఫీసుకు ట్రాములో పోతాను. ఇవి లేనివారు మామూలు ఉక్కు తలుపుల 1.3 కూపే చూసుకోవడం మేలనిపిస్తుంది. ధర బాగా తక్కువ, నడకలో తేడా కొండదారిలో తప్ప పెద్దగా తెలియదు, తుప్పు ఉంటే తలుపు మీదే కనబడుతుంది. హెచ్ఎఫ్ మాత్రమే కావాలనుకుంటే ముందు లిఫ్టు కిందికి వెళ్లండి, ఎడమ వెనుక బోల్టు దగ్గర తారు గీకి చూడండి. అమ్మేవారు గీకనివ్వకపోతే వచ్చేయండి.