మా నాన్న కాలు నిలిచింది: ఇక్కడి సర్జరీ వార్డుకి ఐదుకి నాలుగు స్టార్లు

మా నాన్నకి అరవై రెండేళ్లు, షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. పాదం కుళ్లిపోయిన స్థితిలో ఈ ఆస్పత్రికి తెచ్చాం, ఇరవై మూడు రోజులు ఉన్నాం. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు తప్పకుండా చదవాలని కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది పల్నాడు వైపు ఊరు, మిరప సాగు. చేలో తుమ్మముల్లు దిగింది, ఎప్పుడు దిగిందో ఆయనకే తెలియదు, ఎందుకంటే పాదాలకి స్పర్శ పోయి చాలా కాలమైందట, ఆ సంగతి ఇక్కడికి వచ్చాకే మాకు తెలిసింది. చిటికెన వేలు పక్కన పొక్కులా లేస్తే ఊళ్లో ఆర్ఎంపీ గారు ఐదు రోజులు ఇంజెక్షన్లు చేసి, పైన ఆయింట్‌మెంట్ రాసి కట్టు కట్టారు. ఆరో రోజు చలిజ్వరం, పాదమంతా వాపు, కట్టు విప్పితే వాసన, వేలు నల్లగా అయిపోయింది. టౌన్లో ఒక నర్సింగ్ హోంకి తీసుకెళ్తే రక్తం ఎంతవరకు వస్తోందో కూడా చూడకుండా మోకాలి కింద నుంచి తీసేయాలన్నారు, పొద్దున్నే డబ్బు కట్టమన్నారు. మా అమ్మ అక్కడే కూలబడిపోయింది.

అదే రాత్రి తొమ్మిదింటికి ఇక్కడి క్యాజువాలిటీకి వచ్చాం. సర్జన్ గారు ముందు పాదం మీద నాడి చూశారు, తర్వాత చిన్న డాప్లర్ పెట్టి రక్తం పారే శబ్దం మాకూ వినిపించారు. మొనలేని సన్నటి లోహపు పుల్ల పుండులోకి పోనిస్తే గట్టిగా ఎముకకి తగిలింది, అలా తగిలితే ఎముకకీ ఇన్ఫెక్షన్ పాకి ఉండే అవకాశం ఎక్కువట. ఎక్స్‌రేలో కండ మధ్య గాలి బుడగలు కనిపించాయి. "రక్తం కిందిదాకా వస్తోంది కాబట్టి కాలు కాపాడటానికి ప్రయత్నిద్దాం, కానీ తెల్లారేదాకా ఆగడానికి లేదు" అన్నారు.

గట్టి మందులు పెట్టి రెండు రోజులు చూద్దామా సార్ అని నేను అడిగాను. ఆయన కోప్పడకుండా చెప్పారు: "మందు ఎక్కడికి పోవాలన్నా రక్తంలోనే పోవాలమ్మా. చచ్చిన కండకి రక్తం అందదు, ఇక మందు ఎలా అందుతుంది? ముందు కుళ్లిందంతా తీసేయాలి. అలాగని కోసి వదిలేసినా కుదరదు, చుట్టూ ఉన్న మంచి కండలో, రక్తంలో ఉన్న క్రిములకి మందు పడాల్సిందే." నాకు ఈ ఒక్క ముక్క ఐదు రోజుల ముందు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

రాత్రి పదకొండున్నరకి థియేటర్‌లోకి తీసుకెళ్లారు. దీన్ని డిబ్రైడ్‌మెంట్ అంటారు, నర్సులు మాత్రం పుండు క్లీన్ చేయడం అంటారు, ఆ మాట విని ఏదో కడిగి పంపిస్తారనుకోవద్దు. ఎర్రటి రక్తం కారే కండ వచ్చేదాకా కోసుకుంటూ పోతారు. చిటికెన వేలు, దాని వెనక ఎముకలో కొంత ముక్క పోయాయి, మడమ, మిగతా నాలుగు వేళ్లు దక్కాయి. రెండు రోజులకే మళ్లీ థియేటర్‌కి అన్నారు, మొదటి ఆపరేషన్ ఫెయిలైందేమోనని మేం టెన్షన్‌తో చచ్చాం. నిజానికి ఇలాంటి ఇన్ఫెక్షన్లలో కొత్తగా ఏదైనా చచ్చిందేమో ఒకటి రెండు రోజుల్లో తెరిచి చూడటం మామూలేనట. ఆ మాట మొదటి రోజే చెప్పాల్సింది. మా అమ్మ ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉంది.

మందుల విషయంలో మాత్రం వీళ్లు చాలా జాగ్రత్తగా ఉన్నారు. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి పుండు పైన దూది రాసి పంపలేదు, థియేటర్‌లోనే లోపలి కండ, ఎముక ముక్క తీసి పంపారు. పైన రాస్తే చర్మం మీద మామూలుగా ఉండే క్రిములు కూడా వచ్చి తప్పుదారి పట్టిస్తాయట. రిపోర్ట్ వచ్చేలోపు పైపరాసిలిన్-టాజోబాక్టమ్, వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్స్ మొదలుపెట్టారు. నాలుగో రోజు క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, పెరిగితే మంచిది కాదు) 1.1 నుంచి 1.9కి పోయింది. అదే రోజు కల్చర్‌లో క్లెబ్సియెల్లా అనే క్రిమి అని, వాంకోమైసిన్‌తో పని లేదని తేలితే అది వెంటనే ఆపేశారు, పైపరాసిలిన్ బదులు మెరోపెనెమ్ కిడ్నీకి తగ్గట్టు డోసు చూసుకుని ఇచ్చారు. వారంలో క్రియాటినిన్ దిగింది. కిడ్నీ లెక్క రోజూ చూడకపోయి ఉంటే కాలు దక్కి కిడ్నీ పోయేదేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. షుగర్ బిళ్లలు ఆపి ఇన్సులిన్ పెట్టారు, అప్పుడు ఆయన హెచ్‌బిఎ1సి, అంటే మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష, 11.2, చాలా ఎక్కువ.

తర్వాత పుండుకి స్పాంజ్ పెట్టి పైన ప్లాస్టిక్ అతికించి మెషీన్‌తో నీరు లాగే వాక్ డ్రెస్సింగ్ వేశారు, మూడు రోజులకోసారి మార్చేవాళ్లు. పన్నెండు రోజులకి కండ ఎర్రగా పైకి వచ్చింది, తొడ మీద చర్మం తీసి అతికించారు. విచిత్రం ఏంటంటే నాన్నకి పాదం నొప్పే తెలియలేదు, చర్మం తీసిన తొడే మంట అని రెండు రాత్రులు నిద్రపోలేదు. ఎముక అంచులో ఇంకా క్రిమి ఉందని రిపోర్ట్ రావడంతో మందు మూడు వారాలు నడిచింది, చివరి రోజుల్లో రోజుకి ఒక్కసారి ఇచ్చే ఎర్టాపెనెమ్‌కి మార్చారు.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఒక రాత్రి ఇన్సులిన్ వేశాక క్యాంటీన్ నుంచి భోజనం రావడానికి గంట దాటింది, నాన్నకి చెమటలు పట్టి వణుకు వచ్చింది, చూస్తే షుగర్ 58కి పడిపోయింది. పక్క బెడ్ అమ్మాయి గ్లూకోజ్ పొడి ఇచ్చింది. ఇది చిన్న పొరపాటు కాదు, ఇన్సులిన్ వేసే నర్సు ముందు పళ్లెం వచ్చిందో లేదో చూడాలి. ఇంకా, తోడు ఉన్నవాళ్లకి పడుకోవడానికి చోటు లేదు, వరండాలో దోమల మధ్య పడుకున్నాం. ఆపరేషన్ ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది కానీ డ్రెస్సింగ్ సామాను, బయటి పరీక్షలు కలిపి మా చేతి నుంచి 38 వేలు అయింది. ఆ లెక్క ముందే ఒక కాగితం మీద రాసి ఇస్తే అప్పు చేసేవాళ్లకి ఎంతో మేలు.

చివర్లో చెప్పుల గది గురించి చెప్పాలి, దానికి విడిగా ఐదు స్టార్లు. అక్కడ పనిచేసే పెద్దాయన నాన్న పాదం కాగితం మీద గీసుకుని, మెత్తటి ఎంసీఆర్ రబ్బరుతో పుండు దగ్గర బరువు పడకుండా చెప్పులు కుట్టారు. ఇలాంటి చెప్పులు మొదట కుష్ఠు రోగుల కోసం చేసేవాళ్లని, వాళ్ల పుండ్లు చాలావరకు స్పర్శ లేక దెబ్బ తెలియకపోవడం వల్లే వస్తాయని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ తేల్చారని ఆయనే చెప్పారు. "నీ పాదానికి నొప్పి తెలియదు బాబాయ్, నువ్వే కళ్లతో చూసుకోవాలి" అన్నారు. పదిహేనేళ్లుగా షుగర్ బిళ్లలు రాసిన ఏ డాక్టరూ నాన్న చెప్పులు విప్పించి పాదం చూడలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి పాదం కింద అద్దం పెట్టి చూస్తున్నాను. మొన్న రెండో కాలి మడమ మీద సన్నటి పగులు కనిపించింది. చీము లేదు, వాపు లేదు, అయినా సోమవారం ఓపీకి ఇక్కడికే తీసుకొస్తున్నాం.