పారిస్ వలసల మ్యూజియం: టికెట్ కొనేముందు గోడ చూడండి

ఉత్తర ఆఫ్రికా వలసల చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాను. పారిస్ వెళ్లేవాళ్లు ఎవరడిగినా నేను మొదట చెప్పేది, వేరే దేశాల నుంచి ఫ్రాన్స్‌కు వచ్చి స్థిరపడినవాళ్ల చరిత్ర చూపే ఈ మ్యూజియం పేరే. మెట్రో 8వ లైన్‌లో పోర్ట్ డోరే స్టేషన్‌లో దిగితే పక్కనే. సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితమే గానీ, తీరిగ్గా చదువుకోవాలంటే మామూలు రోజు వెళ్లండి.

వెళ్లగానే లోపలికి దూరిపోకండి. 1931లో ఫ్రాన్స్ తన వలస రాజ్యాల గొప్ప చాటుకోవడానికి పెట్టిన ప్రదర్శన కోసం కట్టిన భవనం ఇది. ముఖద్వారం గోడంతా శిల్పి జానియో బొమ్మలే. ఆఫ్రికా, ఆసియా జనం పంటలు కోస్తుంటారు, బరువులు మోస్తుంటారు. ఆ సరుకంతా మార్సెయ్, బోర్డో రేవులకు చేరుతుంది. సరుకు వచ్చిన దారినే మనుషులూ వచ్చారు. గోడ మీద లేని ఆ సంగతి తెలియాలంటే లోపలికి వెళ్లాలి.

మ్యూజియం 2007లో తెరిచారు. 2023లో కొత్తగా అమర్చిన శాశ్వత ప్రదర్శన 1685 నుంచి 1995 దాకా 11 సంవత్సరాల చుట్టూ నడుస్తుంది. 1685 అంటే కాలనీల్లో బానిసల మీద చట్టం చేసిన ఏడాది. వలసల కథను అక్కడ మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది. అల్జీరియాకు ఫ్రాన్స్ పాలన నుంచి స్వాతంత్ర్యం వచ్చిన 1962 నుంచే చెబితే, మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ ఫ్యాక్టరీల్లో పనిచేసిన అల్జీరియా కూలీలు ఏమైపోవాలి? 1974లో కొత్త కార్మికుల రాకను ఆపేశారు. ఉన్నవాళ్లు చాలామంది వెనక్కి పోలేదు, కుటుంబాలను తెచ్చుకున్నారు. వాళ్ల పిల్లల తరమే 1983లో సమానత్వం కోరుతూ మార్సెయ్ నుంచి పారిస్ దాకా నడిచింది. ఒక ఏడాది నుంచి ఇంకో ఏడాదికి గెంతే పద్ధతిలో ఇలాంటి నెమ్మదైన మార్పులు కాస్త తెగిపోతాయి. అందుకే ఐదుకు నాలుగున్నర ఇస్తున్నాను.

ఈ మ్యూజియం మార్గదర్శక మండలికి 2014 నుంచి 2020 దాకా చరిత్రకారుడు బెంజమెన్ స్తోరా అధ్యక్షుడు. అల్జీరియాలోని కాన్‌స్టాంటీన్‌లో 1950లో పుట్టిన యూదుడు, 1962లో కుటుంబంతో ఫ్రాన్స్ చేరాడు. పరిశోధనకు ఎంచుకున్నది మెస్సాలీ హాజ్‌ని. 1926లో పారిస్‌లోనే అల్జీరియా కార్మికులతో మొదలై, స్వాతంత్ర్యం అడిగిన ‘ఎత్వాల్ నోర్-ఆఫ్రికేన్’ అనే సంఘానికి నాయకుడాయన. ఆ సంఘం గురించి నాలుగు పేజీలైనా చదువుకుని వెళ్లండి, లోపల చూసేవి ఎక్కువ అర్థమవుతాయి.

పిల్లలతో వెళ్తే కింద అక్వేరియం ఉంది, అదీ 1931 నాటిదే. పైన చూడటం పూర్తయ్యాకే కిందికి దిగండి.