సంక్రాంతికి హన్మకొండ: ఇంటి వంట, హోటల్ భోజనం, రామప్ప దారిలో సద్ది

సంక్రాంతి సెలవులకు వరంగల్ వచ్చేవాళ్లు ముందు చూడాల్సిన గుళ్ల లిస్టు రాసుకుంటారు, తిండి సంగతి దారిలో చూసుకుందాం అనుకుంటారు. ఈసారి మేము హన్మకొండలో మా తల్లిగారింట్లో దిగి, ఏ పూట ఎక్కడ తినాలో ముందే అనుకుని తిరిగాం. అమ్మ, బాపు, అన్నయ్య, వదిన, పిల్లలు, పళ్లు సరిగా లేని నానమ్మ. ఇంతమందికి ఒకేచోట ఒకే రుచి కుదరదు. కాబట్టి ఎక్కడ ఏం బాగుందో, ఏది వదిలేయొచ్చో చెప్తాను.

హైదరాబాద్ నుంచి భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా రోడ్డు బాగుంది. కానీ పండగ ముందు రోజు ఘట్‌కేసర్ దాటేదాకా కార్లు కదల్లేదు. హైవే మీద ఒక పెద్ద హోటల్లో ఆగితే ఇడ్లీ రావడానికే ముప్పావు గంట పట్టింది, బాత్రూముల్లో నీళ్లు లేవు. పిల్లలున్నవాళ్లు చపాతీలో, పులిహోరో కట్టుకుని బయల్దేరితే నయం.

ఇక ఇంటి సంగతి. వరంగల్ వైపు సంక్రాంతి అంటే సకినాలే. రాత్రి నానబెట్టిన బియ్యాన్ని వడకట్టి, తడి ఆరకముందే గిర్నీలో పట్టిస్తారు. ఆ పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, ఉతికిన పాత బట్ట పరిచి దానిమీద వేళ్లతో చుట్లు చుట్లుగా తిప్పుతారు. పక్కింటి అత్తమ్మలు ముగ్గురు వచ్చి అమ్మతో పాటు కూర్చుంటే హాలంతా సకినాలే. మా పాపకు మొదట చుట్టు తెగిపోతూనే ఉంది, మధ్యాహ్నానికి వంకరగానైనా మూడు చుట్లు నిలబెట్టింది. చుట్టినవి కాసేపు ఆరాక నూనెలో వేస్తే కరకరలాడతాయి. నాకైతే ఆరకముందే వేయించిన పచ్చి సకినాలు పచ్చిమిర్చి కారంతో తినడమే ఇష్టం. నానమ్మ నమలగలిగేది కూడా అదే. ఈ రుచి ఏ స్వీట్ షాపులోనూ దొరకదు, ఎందుకంటే వాళ్లు అమ్మేవి నిల్వ ఉండాల్సినవి.

మరుసటి రోజు పొద్దున గంజులో సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, కారం వేసి గంజు లోపలివైపు అంతా పలచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె పోసి, మూతపెట్టి సన్నని మంట మీద ఉంచాలి. ఒకటి దిగాక గంజు చల్లారితేగానీ రెండోది ఒత్తడానికి వీలుండదు. అందుకే వదిన రెండు గంజులు తిప్పుతూ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. వేడిగా దిగింది దిగినట్టు మేం తినేశాం, తను కూర్చునేసరికి అందరం లేచాం. ఇంటి తిండి గురించి రాసేటప్పుడు ఈ సంగతి దాటేయడం నాకు న్యాయంగా అనిపించదు.

అందుకే కనుమ రోజు మధ్యాహ్నం బగారా అన్నం, మటన్ కూర, పచ్చి పులుసు అయ్యాక రాత్రికి బయటే తినాలని బాపు తేల్చేశాడు. "ఇయ్యాల ఇంక పొయ్యి ముట్టియ్యొద్దు బిడ్డా, మీ అమ్మ నడుము పట్టుకొని తిరుగుతాంది" అన్నాడు. చౌరస్తా నుంచి నక్కలగుట్ట మీదుగా కాజీపేట వైపు వెళ్లే మెయిన్ రోడ్డులో హోటళ్లకు కొదవ లేదు. మొదట వెళ్లిన ఏసీ రెస్టారెంట్ బయట అరగంట నిలబడ్డాం. ముసలివాళ్లకు ఒక కుర్చీ కూడా వేయలేదు. లోపల బిర్యానీ బాగానే ఉంది, ముక్క మెత్తగా ఉంది, కానీ నానమ్మకు కారం లేకుండా ఏమైనా ఉందా అంటే వెయిటర్ మెనూ చూపించి వెళ్లిపోయాడు. మళ్లీ వెళ్లాలని లేదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లింది చిన్న భోజన హోటల్. అరిటాకు మీద పప్పు, వేపుడు, సాంబారు, గడ్డ పెరుగు, అడిగినంత అన్నం. వడ్డించే పెద్దాయన నానమ్మను చూసి అడక్కుండానే అన్నం మెత్తగా మెదిపి పప్పు కలిపిచ్చాడు. అమ్మా, వదినా మాతో పాటే మొదటి ముద్ద నుంచి తిన్నారు. "వడ్డిస్తుంటే తినుడు ఎంత మంచిగున్నదే" అని అమ్మ రెండుసార్లు అంది. బిల్లు రాత్రి బిర్యానీలో సగం కూడా కాలేదు. నా ఓటు ఈ హోటల్‌కే.

ఇంట్లో చోటు చాలక అన్నయ్యవాళ్లు చౌరస్తా దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నారు. గది శుభ్రంగానే ఉంది, వేడి నీళ్లు వచ్చాయి. కానీ లిఫ్ట్ పండగ రోజులన్నీ పనిచేయలేదు. గదితో పాటు వచ్చే టిఫిన్ చల్లారిన పూరీ. బంధువులుంటే పడుకోవడానికి మాత్రమే గది తీసుకోండి, టిఫిన్ వద్దని చెప్పి అద్దె తగ్గించమనండి.

బయట తిరిగిన వాటిలో రామప్పే గొప్పది. హన్మకొండ నుంచి ములుగు మీదుగా సుమారు 70 కిలోమీటర్లు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లమీద తేలేంత తేలికవి. స్తంభాల మీద నల్లరాతి చెక్కడాలు దగ్గర నిలబడి చూడాలి, అందుకే పొద్దున్నే చేరాలి. సెలవు రోజున పదకొండు దాటితే లోపల నిలబడటానికి చోటుండదు. వేడి భోజనం కోసం వెతుక్కుంటే పూట గడిచిపోతుందని అమ్మ పులిహోర, పెరుగన్నం, సకినాలు కట్టింది. గుడి చూసి బయటికొచ్చాక చెట్టు కింద చాప పరిచి తిన్నాం. ఆకులు, కవర్లు సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చాం. దయచేసి అందరూ అలాగే చేయండి, ఆ పరిసరాల్లో ప్లాస్టిక్ చూస్తే బాధేస్తుంది.

లక్నవరం అదే రోజు కలపొద్దు. చెరువు మధ్య దీవులు, వేలాడే వంతెన పిల్లలకు బాగా నచ్చుతాయి, కానీ మేం చేరేసరికి పడవ కోసం పెద్ద క్యూ. టీ తాగి వెనక్కి తిరిగాం. వేయి స్తంభాల గుడి, భద్రకాళి చెరువు, కోటలో తోరణాలు మాత్రం హన్మకొండలో ఉంటే సాయంత్రాల్లోనే అయిపోతాయి. ఐనవోలు మల్లన్న జాతరకు పొద్దున్నే వెళ్లి, జనం పెరగకముందే వచ్చేశాం.

వచ్చేటప్పుడు బాపు తెలిసిన రైతు దగ్గర చపాట మిరపకాయలు తూకం వేయించి ఇచ్చాడు. టమాటాలా గుండ్రంగా ఉండే ఈ కాయకు 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎరుపు ఎక్కువ, కారం తక్కువ కాబట్టి తొక్కుకు బాగుంటుంది. దసరాకు మళ్లీ వెళ్తాం. ఈసారి సద్దుల బతుకమ్మ మర్నాడు అందరికీ ఆ చిన్న హోటల్‌లోనే భోజనమని, లక్నవరానికి ఒక రోజు విడిగా పెట్టుకోవాలని ఇప్పుడే అనుకున్నాం.