రోబో మోవర్‌కి బ్లేడ్ల కన్నా స్క్రూలే ముఖ్యం

మేముండేది జర్మనీలో, కొలోన్ దగ్గర. ఇక్కడ ఇళ్ల మధ్య ఆదివారాలు, సెలవు రోజుల్లో మోవర్, అంటే గడ్డి కోసే యంత్రం, నడపకూడదు. మిగతా రోజుల్లో కూడా రాత్రి 8 నుంచి పొద్దున 7 దాకా కుదరదు. అందుకే ఆఫీసు టైంలో తనంతట తాను గడ్డి కోసుకునే ఈ రోబో అంటే నాకు చాలా ఇష్టం. బ్యాటరీ, యాప్ సంగతులు అందరికీ తెలిసినవే. నా కోపమంతా ఒక చిన్న స్క్రూ మీద.

అడుగున డిస్క్‌కి షేవింగ్ బ్లేడంత పల్చటివి మూడు బ్లేడ్లుంటాయి. అవి బిగుసుకుపోకూడదు, వదులుగా ఊగుతూ ఉండాలి. అప్పుడే రాయి తగిలితే విరగకుండా వెనక్కి మడుచుకుంటాయి. కంపెనీ స్క్రూకి తల కింద మరలు లేని నున్నటి మెడ ఉంటుంది. ఎంత బిగించినా బ్లేడు ఆ మెడ చుట్టూ హాయిగా తిరుగుతుంది.

పోయిన వేసవిలో ఆన్‌లైన్‌లో వేరే కంపెనీ బ్లేడ్లు, స్క్రూల ప్యాకెట్ తెప్పించాను. బ్లేడ్లు బాగానే ఉన్నాయి. స్క్రూలకి మాత్రం తలదాకా మరలే. కొన్ని వారాలకి మోవర్ చప్పుడు మారింది, ఒళ్లంతా అదురుతోంది. ఆపి తిరగేస్తే రెండే బ్లేడ్లు ఉన్నాయి. మూడో చోట విరిగిన స్క్రూ ముక్క డిస్క్‌లోనే ఇరుక్కుని ఉంది. బ్లేడు రాపిడికి ఆ మరలు అరిగి అరిగి స్క్రూ తెగిపోయిందన్నమాట. మా పాప ఆ గడ్డిలో చెప్పుల్లేకుండా ఆడుతుంది. ఆ సాయంత్రం పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు. పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని కర్రకి కట్టి లాన్ అంతా జల్లెడ పట్టాను. చివరికి కంచె పక్క అంచురాళ్ల దగ్గర ఆ బ్లేడు టక్కున అతుక్కుంది. ఫిర్యాదు చేస్తే అమ్మినవాళ్లు డబ్బు వెనక్కిచ్చారు గానీ, స్క్రూ గురించి ఒక్క మాటా మాట్లాడలేదు.

ఇప్పుడు బ్లేడ్లు మార్చిన ప్రతిసారీ స్క్రూలూ కొత్తవే, మూడూ ఒకేసారి. ఒక్కటే మారిస్తే బరువు తేడా వచ్చి మళ్లీ అదురుతుంది. మెయిన్ స్విచ్ ఆపి, చేతికి గ్లవ్స్ వేసుకుని, ఎండిన గడ్డిని బ్రష్‌తో గీకేస్తాను. ప్రెషర్ వాషర్ జోలికి పోను, నీళ్లు బేరింగుల్లోకి దిగుతాయి. గడ్డి జిగురు ఎండితే మంచి బ్లేడు కూడా బిగుసుకుపోతుంది కాబట్టి, వేలితో తోసి తిరుగుతోందో లేదో చూస్తాను.

టైటానియం పూత ఉన్న బంగారు రంగు బ్లేడ్లు చాలాకాలం వస్తాయని స్నేహితులకి గట్టిగా చెప్పాను. వసంతంలో అది నిజమే. ఎండలకి గడ్డి పల్చబడి మట్టి తేలినప్పుడు మాత్రం వాటికీ మామూలు బ్లేడ్లకీ పెద్ద తేడా కనబడలేదు. గడ్డి కొసలు తెగకుండా చీలి, తెల్లబడుతుంటే మార్చేస్తున్నాను. మాకైతే ఒకటి రెండు నెలలకోసారి.

మాది చిన్న లాన్, చుట్టూ రాళ్ల అంచు, పక్కింటి ఆపిల్ చెట్టు కాయలన్నీ మా వైపే రాలతాయి. ఇవేవీ లేని చదును నేలైతే మీ బ్లేడ్లు ఇంకా ఎక్కువ రోజులు రావచ్చు. మోవర్ మళ్లీ కొంటానా అంటే, కొంటాను. స్క్రూలు మాత్రం కంపెనీవే.