స్పోర్ట్స్, మీడియా కాంపిటీషన్ లా కోర్సు: ఎనిమిది వారాలు చదివాక నా అభిప్రాయం

ఆరేళ్లుగా హైదరాబాద్‌లో సివిల్ కేసులు చేస్తున్నాను, క్రికెట్ పిచ్చి మాత్రం చిన్నప్పటి నుంచీ ఉంది. ఆ రెండూ కలిసే చోట పని దొరుకుతుందేమోనని పద్దెనిమిది వేలు కట్టి, కాంపిటీషన్ లా (వ్యాపారంలో పోటీని అణచకుండా చూసే చట్టం) మీద ఉన్న ఈ ఆన్‌లైన్ కోర్సులో చేరాను, శని ఆదివారాల్లో సాయంత్రం రెండేసి గంటల క్లాసు. సంస్థ పేరు రాయట్లేదు, ఇలాంటివి ఇప్పుడు చాలానే వచ్చాయి కాబట్టి చేరేముందు ఏం చూసుకోవాలో చెబుతాను.

ముందు బాగున్నది. మూడో వారం మేడమ్ (ఢిల్లీలో చాలా ఏళ్లుగా ఇదే ప్రాక్టీసు) స్క్రీన్ మీద ఒకే ఒక్క క్లాజు పెట్టారు. ఐపీఎల్ మీడియా హక్కుల ఒప్పందంలో బీసీసీఐ రాసిచ్చిన మాట అది: పదేళ్లపాటు ఐపీఎల్‌కి పోటీగా ఇంకో ప్రొఫెషనల్ టీ20 లీగ్‌ని నిర్వహించం, గుర్తించం, మద్దతివ్వం అని. నలభై నిమిషాలు దాని మీదే కూర్చోబెట్టారు. క్రికెట్ వినోదమే కదా, సినిమా కూడా దానికి పోటీయే కదా అని నేను వాదించాను. "ఫైనల్ టికెట్ దొరక్కపోతే మీరు సినిమాకెళ్లి సరిపెట్టుకుంటారా?" అని అడిగారు. రిలవెంట్ మార్కెట్ (ఒకదానికి బదులు ఇంకోటి సరిపెట్టుకోగలిగేవన్నీ కలిసిన మార్కెట్) అంటే ఏంటో నాకు అప్పుడు బుర్రకెక్కింది, పుస్తకంలో నాలుగుసార్లు చదివినా ఎక్కలేదు.

ఆ క్లాజు మీదే ఈ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ 2013లో బోర్డుకి 52.24 కోట్లు జరిమానా వేసింది. సహజ న్యాయ సూత్రాలు (అవతలివాళ్లకి వాదన చెప్పుకునే సరైన అవకాశం ఇవ్వడం లాంటివి) పాటించలేదని 2015లో అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ కొట్టేసి వెనక్కి పంపితే, 2017లో కమిషన్ మళ్లీ విచారించి మళ్లీ అంతే వేసింది. రెండు ఆర్డర్లూ పక్కపక్కన పెట్టుకుని చదివించారు. చదువుతున్నంతసేపూ నాకు మన అంబటి రాయుడే గుర్తొచ్చాడు, ఐసీఎల్‌లో (బోర్డు గుర్తించని టీ20 లీగ్) హైదరాబాద్ హీరోస్‌కి ఆడినందుకు బోర్డు క్రికెట్‌కి దూరమై 2009లో క్షమాభిక్ష ఇచ్చాక గానీ తిరిగి రాలేకపోయాడు. లీగ్ ఒక్కటే అయితే ఆటగాడికి ఇంకో గడప ఉండదు, ఈ చట్టం ఎందుకో అర్థం కావడానికి నాకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

యూరప్‌లో పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు విడిగా పెట్టాలనుకున్న సూపర్ లీగ్ మీద 2023 డిసెంబర్‌లో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు కూడా ఒక క్లాసులో బాగా చెప్పారు.

మీడియా భాగం మాత్రం హడావిడిగా లాగించేశారు, అదే నాకు బాధ. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. టీవీ హక్కులు స్టార్‌కి, మన దేశంలో డిజిటల్ హక్కులు వయాకామ్18కి వెళ్లాయి, తర్వాత రిలయన్స్, డిస్నీల మీడియా వ్యాపారాలు కలిసి ఆ రెండూ ఒకే గూటికి చేరాయి. 2024 ఆగస్టులో కమిషన్ కొన్ని మార్పులతో దానికి ఒప్పుకుంది. ఇంత పెద్ద విషయానికి గంటంపావు! ప్రకటనల రేట్లు ఏమవుతాయి, చిన్న చానళ్ల సంగతేంటి అని అడిగితే తర్వాత క్లాసులో అన్నారు, ఆ తర్వాత క్లాసు రాలేదు.

ఉద్యోగం సంగతి సూటిగా చెప్తాను. ప్రకటనలో "ప్లేస్‌మెంట్ సాయం" అని రాశారు, చివరికి వచ్చింది ఆఫీసుల పేర్లున్న ఒక షీట్. ఫోన్ చేస్తే సరిగ్గా జవాబు లేదు, రికార్డింగులు కూడా నెల తిరక్కుండా తీసేశారు. మేడమ్ మాత్రం మొదటి రోజే నిజం చెప్పారు: కమిషన్ ఢిల్లీలో, అప్పీళ్లూ అక్కడే, మొదటి మూడేళ్లు తను కోర్టు కంటే క్లయింట్ల టర్నోవర్ లెక్కలే ఎక్కువ చూశారట. హైదరాబాద్‌లో ఉండి ఈ పని ఒక్కటే చేసుకుని బతకాలంటే కష్టమని నాకూ అనిపించింది.

ఐదుకి మూడున్నర ఇస్తాను, అందులో మూడు ఆవిడవే. చేరాలనుకుంటే డబ్బు కట్టకముందే బీసీసీఐ మీద 2017 ఆర్డర్ ఒకసారి తెరవండి, కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఉంటుంది. పది పేజీలు దాటాక కూడా ఇంకా చదవాలనిపిస్తే చేరండి. రికార్డింగులు ఎన్నాళ్లు ఉంచుతారో మాత్రం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.