కంబాలకొండ అడవి నడక: అడవి గురించి బాగా చెప్పారు, ఊరిని వదిలేశారు

ఆదివారం పొద్దున్నే జనాన్ని కంబాలకొండ అడవిలోకి నడిపించి చూపించే బృందాలు విశాఖలో ఈమధ్య కొన్ని వచ్చాయి. వాటిలో ఒకదానితో నేనూ మా ఆవిడా వెళ్ళాం. మనిషికి 400 రూపాయలు. ప్రవేశ రుసుము వేరే కట్టాలని గేటు దగ్గరికి వెళ్ళాక చెప్పారు. ఫోనులో డబ్బు వేయించుకున్నప్పుడే చెప్పి ఉండాల్సింది.

నేను విద్యుత్ శాఖలో చేసి రిటైరయ్యాను. తీగలకు తగిలే కొమ్మలను వానలకు ముందు కొట్టించడం ఉద్యోగమంతా చేసిన పని. అందుకని చెట్ల గురించి ఎవరు ఏం చెప్పినా శ్రద్ధగా వింటాను, కాస్త అనుమానంగానూ వింటాను.

గైడు పాతికేళ్ళ కుర్రవాడు. పాఠం అప్పజెప్పకుండా, అడిగినదానికి జవాబిస్తూ నడిపించాడు. ఈ కొండలు ఒకప్పుడు విజయనగరం సంస్థానం రాజుల అధీనంలో ఉండేవనీ, 1970 మార్చిలో అటవీ శాఖ చేతికి వచ్చాయనీ, మొత్తం 70 చదరపు కిలోమీటర్ల పైమాటేననీ చెప్పాడు. ఎండిన వాగులో నిలబెట్టి, వాన నీరు ఈ వాలులో ఇంకి ముడసర్లోవ జలాశయం వైపు ఎలా దిగుతుందో చేత్తో గీసి చూపించాడు. ఆ జలాశయం నీళ్ళు తాగి పెరిగిన ఊరు మాది. ఇన్నేళ్ళూ కుళాయి తిప్పడమే తప్ప వెనకున్న కొండను తలుచుకున్నవాళ్ళం కాము. చిరుత కనిపిస్తుందా అని ఒకాయన అడిగితే, "మనం దానికి కనిపిస్తాం సార్" అన్నాడు. అడవికీ జంతు ప్రదర్శనశాలకూ మధ్య నుంచి పోయే జాతీయ రహదారిని రాత్రిపూట జంతువులు దాటాల్సి వస్తే ఏమవుతుందో కూడా దాచకుండా చెప్పాడు.

పేచీ వచ్చింది హుద్‌హుద్ దగ్గర. 2014 అక్టోబరు 12న తుపాను ఊరిని ఊడ్చేసినప్పుడు పరాయి దేశపు చెట్లు కూలాయి, మన చెట్లు నిలిచాయి అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అందులో నిజం లేకపోలేదు. పరాయి దేశం నుంచి వచ్చిన తురాయి వేరు లోతుకు పోదు, కొమ్మ పెళుసు. కానీ ఆ వారమంతా నేను రోడ్ల మీదే ఉన్నాను. వేపలూ పడ్డాయి. తీగల కింద చెట్టుకు ఏటా ఒకే వైపు కొమ్మలు కొడతారు. కాలువ తవ్వేవాళ్ళు రెండో వైపు వేర్లు కోస్తారు. మిగిలిన మొదలు చుట్టూ సిమెంటు పోస్తారు. అలాంటి చెట్టు ఏ దేశానిదైతే ఏమిటి? ఢిల్లీలో చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ 2013లోనే ఆదేశించింది.

హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు సాయంతో ఇక్కడ కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలకు బదులు భూగర్భ కేబుళ్ళు వేశారు. కొమ్మలకు అది మంచి కబురే. మరి కందకం తవ్వినప్పుడు వేర్ల సంగతి? ఇదే అడిగితే, "అది మన నడకలోకి రాదండీ" అన్నాడు. ఎందుకు రాదు? ఊళ్ళో నీడ ఇవ్వాల్సింది ఆ చెట్లే. మొక్కలు నాటిన లెక్క పేపర్లో వస్తుంది, మూడో వేసవికి ఎన్ని మిగిలాయన్న లెక్క రాదు. అడవిని అంత ఓపికగా చూపించినవాళ్ళు, అడవి అంచున మొదలయ్యే ఊరిని గేటు దగ్గరే వదిలేయడం నాకు నచ్చలేదు.

ఉప్మా అడ్డాకు విస్తళ్ళలో పెట్టారు, రుచిగా ఉంది. నీళ్ళు మాత్రం చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో! ఈ పని చేసేవాళ్ళకు ఇది తగదని మా ఆవిడ వాళ్ళ మొహం మీదే చెప్పింది. ఇరవై మందికి పైగా ఉండడంతో వెనకవాళ్ళకు సగం మాటలు వినిపించలేదు. పన్నెండు మందిని మించి తీసుకెళ్ళకూడదు.

నవంబరు, ఫిబ్రవరి మధ్య వెళ్ళండి. పూర్తి చేతుల చొక్కా, గట్టి బూట్లు వేసుకోండి, నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి. ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు హాయిగా నడుస్తారు. ఇచ్చిన 400కు గిట్టుబాటే. సిరిపురం నుంచి బీచ్ రోడ్డు దాకా వీధి చెట్లు చూపించే నడక కూడా పెడితే దానికి 500 అయినా ఇస్తాను, ఏ చెట్టు ఏ తీగ కింద నలిగిందో నేనే చూపిస్తాను.