అసూయ పుట్టినప్పుడు తెరవాల్సిన రిఫరెన్సు బైబిలు

ఒంగోలు క్రైస్తవ పుస్తకాల షాపుల్లో దొరికే తెలుగు రిఫరెన్సు బైబిలు (వచనాల పక్కన వాటికి సంబంధించిన వేరే వచనాల సంఖ్యలు ఇచ్చేది) కొనేవాళ్లు ముందు మత్తయి 4వ అధ్యాయం తీసి చూడండి. 4, 7, 10 వచనాల పక్కన ద్వితీయోపదేశకాండము 8:3, 6:16, 6:13 కనిపించాలి. ప్రభువు శోధకుణ్ణి, అంటే సాతానును, ఎదిరించింది ఆ మూడు మాటలతోనే. అవి లేకపోతే ఆ ప్రతి వద్దు.

వెనక పదసూచిక (ఏ మాట ఏ వచనంలో ఉందో చూపే పట్టిక) ఉంటే 'అసూయ' ఒక్కటే వెతికితే చాలదు. సామెతలు 14:30లో ఉన్నది 'మత్సరము', అంటే అసూయే. కీర్తన 73లోనూ అంతే: 3వ వచనంలో మత్సరం, 17లో పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక మారిన చూపు. అసూయతో నలిగేవాళ్లకు ఇంతకన్నా మంచి మందు లేదు, రోజూ గట్టిగా చదవండి.

కాగితం బాగా పలచన. జెల్ పెన్ను వెనక్కి దిగుతుంది, పెన్సిలే వాడండి. పెద్దవాళ్లకైతే పెద్దక్షరాల ప్రతి అడగండి.